తిమింగలాల ఊళ్ళో మన అప్పన్నలు

సాలూరు వాళ్ళకీ సముద్రానికీ ఏమిటి సంబంధం అని ఎవరైనా అడగవచ్చు. మాకు తెలిసినవి కొండలు. ఊరి పక్కన వేగావతి, ఊరు దాటితే ఘాట్ రోడ్డు, ఘాటీ ఎక్కితే ఒడిశా. లారీలకు పేరుపడ్డ ఊరు కాబట్టి ప్రయాణాలు మాకు కొత్త కాదు గాని, ఆ ప్రయాణాలన్నీ నేలమీదివే. సముద్రం చూడాలని పిల్లలు మారాం చేస్తే విజయనగరం దాటి ఏ భీమిలికో, విశాఖపట్నానికో తీసుకుపోవాలి. అలాంటప్పుడు, నడిసముద్రంలో అగ్నిపర్వతం కక్కిన రాతిమీద వెలసిన ఊరి గురించీ, ఆ ఊరి ముందు నీళ్ళలో తిరిగే తిమింగలాల గురించీ సాలూరులో కూర్చుని రాయడమేమిటి అంటారేమో! కారణం ఉంది. ఆ దీవిలో ‘అప్పన్న’ అంటే పలికేవాళ్ళున్నారు. ‘సన్యాసి’ అంటే తిరిగి చూసేవాళ్ళున్నారు. అప్పన్నలూ సన్యాసులూ ఎక్కడివాళ్ళో మన ఉత్తరాంధ్ర ఆడపడుచులకు వేరే చెప్పాలా?

ఆ దీవి మారిషస్. ఆ ఊరు తామరిన్. దీవికి పడమటి తీరంలో, బ్లాక్ రివర్ జిల్లాలో ఉంది. ఫ్రెంచిలో తామరిన్ అంటే చింతపండు. చింతపండు పేరున్న ఊరంటే మనకి సగం చుట్టరికం కలిసినట్టే! అసలా మాట కూడా మన దేశం వైపే వేలు చూపిస్తుంది. అరబ్బులు చింతపండును చూసి ‘తమర్ హిందీ’, అంటే హిందూదేశపు ఖర్జూరం అన్నారు. ఆ పేరే ఓడలెక్కి ఐరోపా భాషల్లోకి పోయింది.

ఇప్పుడు జనం తామరిన్‌కి పోయేది చింతపండు కోసం కాదు. తెల్లవారుతూండగానే పడవలెక్కి డాల్ఫిన్లనూ తిమింగలాలనూ చూడ్డానికి పోతారు. ఆ వైపు తీరమంతా అదే సందడి. వెనక్కి తిరిగితే నల్లటి కొండలు, ముందు నీలం సముద్రం, దక్షిణాన లె మోర్న్ అనే నిట్రమైన బండకొండ. చూడ్డానికి అందమైన చోటే. కాని చూడవలసింది అందం ఒక్కటే అయితే మన అరకు దారిలోనే కావలసినంత ఉంది. ఆ దీవి దగ్గర మనం తెలుసుకోవలసిన సంగతి వేరే ఉంది. దాన్ని తిమింగలాల నుంచే మొదలుపెడదాం.

మారిషస్ ఒకప్పుడు సముద్రగర్భంలోంచి లేచిన అగ్నిపర్వతం. సుమారు 80 లక్షల ఏళ్ళనాటి మాట. ఇప్పుడది చల్లారిపోయింది. దీవి నడిమధ్యన క్యూర్‌పీప్ అనే పట్నంలో పాత అగ్నిబిలం ఒకటి ఉంది. సుమారు 300 మీటర్ల వెడల్పున పెద్ద గిన్నెలా ఉంటుంది. గిన్నె గోడల నిండా చెట్లు, అడుగున కాసిని నీళ్ళు, అంచు వెంబడి షికారుకొచ్చిన జనం. ఆరిన పొయ్యి పక్కన పిల్లి పడుకున్నట్టు ఆ పట్నం దాని పక్కన హాయిగా ఉంది. పొరుగునున్న రీయూనియన్ దీవిలో మాత్రం పొయ్యి ఇంకా ఆరలేదు. అక్కడి పర్వతం ఇప్పటికీ ఉండుండి లావా కక్కుతూనే ఉంది.

సముద్రం అడుగునుంచి లేచిన కొండ కాబట్టి దీవి చుట్టూ లోతు ఒక్కసారిగా పడిపోతుంది. మన తీరంలో నేల మెల్లమెల్లగా, చాలా దూరం దాకా లోతెక్కుతుంది. అక్కడ అలా కాదు. ఒడ్డున పగడపు దిబ్బ దాటి కొద్ది కిలోమీటర్లు పోతే చాలు, కింద వెయ్యి మీటర్లకు పైగా నీళ్ళు. పెద్ద తల ఉన్న స్పెర్మ్ తిమింగలానికి కావలసింది సరిగ్గా ఆ లోతే. అది ఊపిరి బిగబట్టి ముప్పావుగంట సేపు ఆ చీకట్లోకి మునిగి, అక్కడ దొరికే స్క్విడ్‌లను తిని పైకొస్తుంది. అందుకే మిగతా చోట్ల నడిసముద్రం పోతేగాని కనబడనిది, ఇక్కడ ఊరి గుమ్మం ముందుకొచ్చినట్టు కనబడుతుంది. ఇది గాక జూలై నుంచి అక్టోబరు దాకా గూని తిమింగలాలు దక్షిణధ్రువం వైపు చలినీళ్ళలోంచి ఈ వెచ్చటి నీళ్ళకు పురుడు పోసుకోవడానికి వస్తాయి. పుట్టింటికి పురిటికి వచ్చినట్టన్నమాట.

తిమి అనే పెద్దచేపను మింగేది కాబట్టి తిమింగిలం అన్నారు మన పెద్దలు. పురాణకథల్లో అది ఓడలను కూడా మింగగల భూతం. నిజంలో అది చేప కాదు. బిడ్డను కని పాలిచ్చే జీవి. స్పెర్మ్ తిమింగలం ఏడాది దాటి బిడ్డను మోస్తుంది. రెండేళ్ళూ అంతకన్నా ఎక్కువ కాలం పాలిస్తుంది. దాని సంసారం ఇంకా చిత్రమైనది. అమ్మమ్మ, అమ్మ, పిన్ని, కూతురు, చంటిబిడ్డలు — ఇంతే కుటుంబం. మగపిల్లలు కాస్త ఎదిగాక ఇల్లు విడిచి చలిసముద్రాలకు పోతారు. ఆడపిల్లలు తల్లిని విడవరు. తల్లి లోతుకు మునిగి మేతకు పోతే బిడ్డ మునగలేదు గదా, అప్పుడు పైన ఇంకో ఆడ తిమింగలం దాన్ని కనిపెట్టుకుని ఉంటుంది. మన వీధుల్లో ‘కాస్త మా బుజ్జిగాణ్ణి చూస్తూండమ్మా, నీళ్ళు తెచ్చుకుంటాను’ అనడం లాంటిదే.

మారిషస్ పడమటి తీరంలో ఇలాంటి కుటుంబాన్ని పరిశోధకులు ఏళ్ళ తరబడి చూస్తూ వచ్చారు. ఫ్రెంచి సముద్రశాస్త్రవేత్త ఫ్రాన్స్వా సరానో, ఆయన తోటివాళ్ళు, అక్కడివాళ్ళతో కలిసి ఒక్కొక్కదానికీ పేరు పెట్టి, ఏది ఎవరి బిడ్డో గుర్తించారు. అందులో ఒక పెద్దముత్తైదువ ఉంది. దాని దవడ వంకర. అందుకని ‘వంకరమూతి ఇరెన్’ అని పేరు పెట్టారు. ఆ కుటుంబంలో పిల్లలు చాలామంది ఇరెన్ చుట్టూ తిరుగుతూండేవారట.

ఇక అసలు సంగతి. స్పెర్మ్ తిమింగలాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. టక్, టక్, టకటక్ అని తాళం వేసినట్టుండే చప్పుళ్ళు. అన్నిటి తాళం ఒకటి కాదు. ఒక వంశానిది ఒక తీరు, ఇంకో వంశానిది ఇంకో తీరు. అంటే యాస అన్నమాట. వాళ్ళ యాసే వచ్చినవాళ్ళతోనే కలిసి తిరుగుతాయి. డొమినికా అనే మరో అగ్నిపర్వత దీవి దగ్గర పరిశోధకులు గమనించారు: బిడ్డ పుట్టగానే ఈ తాళం రాదు. మన పసివాళ్ళు ఊ, ఆ అన్నట్టు ఏవేవో చప్పుళ్ళు చేస్తూ, రెండేళ్ళ పాటు అమ్మ దగ్గరా అమ్మమ్మ దగ్గరా విని విని నేర్చుకుంటుంది. బడి లేదు, పుస్తకం లేదు. తల్లి నోటినుంచి బిడ్డ చెవికి, అంతే. ఆ తోవ తెగితే ఆ యాసకు వేరే తోవ లేదు.

ఈ ఒక్క మాట గుర్తుంచుకుని, ఇప్పుడు ఒడ్డుకు వద్దాం.

మారిషస్‌కి మొదట సొంత జనం లేరు. డచ్చివాళ్ళు 1598లో దిగి తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టారు. చెరకు మొక్కను తెచ్చిందీ వాళ్ళే. ఎగరలేని డోడో పక్షి అంతరించిందీ వాళ్ళ కాలంలోనే. తరవాత 1715లో ఫ్రెంచివాళ్ళు, 1810లో ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. అమెరికా నుంచి తిమింగలాల వేట ఓడలు కూడా పోర్ట్ లూయీ రేవుకు వచ్చి సరుకులు నింపుకుని పోయేవి. ఆ రోజుల్లో దొరల ఇళ్ళలో దీపం వెలగాలంటే తిమింగలం నూనె కావాలి; మంచి కొవ్వొత్తి కావాలంటే స్పెర్మ్ తిమింగలం తలలోని మైనం కావాలి. దొరల టీలోకి పంచదార కావాలంటే చెరకుతోటలో మనిషి వెన్ను విరగాలి. నూనె కోసం తిమింగలాన్నీ, పంచదార కోసం మనిషినీ వేటాడిన కాలమది.

మొదట వెన్ను విరిగింది ఆఫ్రికా నుంచీ మడగాస్కర్ నుంచీ తెచ్చిన బానిసలకు. తామరిన్ నుంచి కనబడే ఆ లె మోర్న్ కొండ మీదే పారిపోయిన బానిసలు తలదాచుకున్నారు. 1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. తోటలకు మనుషులు కావలసివచ్చారు. దొరల చూపు మన దేశం మీద పడింది. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ అనే ఓడ కలకత్తా నుంచి 36 మందిని తెచ్చి దింపింది. వాళ్ళను కాగితాల్లో ఏమని రాశారో తెలుసా? కొండకూలీలు అని! ఛోటానాగపూర్ వైపు కొండలవాళ్ళు. కొండల్లో పుట్టినవాళ్ళు నడిసముద్రంలో తేలారన్నమాట.

మనవాళ్ళ వంతూ త్వరలోనే వచ్చింది. అప్పటి కోస్తా జిల్లాల సంగతి చరిత్ర పుస్తకాల్లో ఉన్నదే. 1832-33లో గుంటూరు సీమను కరువు తుడిచిపెట్టింది. 1839 నవంబరులో తుపాను వచ్చి గోదావరి పాయ మీది కోరంగి రేవును ముంచేసింది. శిస్తులు కట్టలేక, మగ్గం నడవక, తిండి లేక ఉన్నవాళ్ళు ఉన్నట్టుగా ఊళ్ళు విడిచారు. కూలీల ఎగుమతిలో అన్యాయాలు జరుగుతున్నాయని 1839లో దాన్ని ఆపించిన ప్రభుత్వం 1842 చివర మళ్ళీ తలుపులు తీసింది. మరుసటి ఏడే, 1843లో, ‘కోరంగి పాకెట్’ అనే ఓడ కోరంగి నుంచి తెలుగువాళ్ళను ఎక్కించుకుని మారిషస్ చేరింది. ఆ రేవు పేరుమీదనే అక్కడ తెలుగువాళ్ళను చాలాకాలం ‘కోరంగివాళ్ళు’ అన్నారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి తరవాత ఎన్నో ఓడలు. సాలూరు అప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఒక మూల. 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి, 1979లో విజయనగరం జిల్లాలోకి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారింది. మనకి జిల్లా మూడుసార్లు మారింది గాని, అక్కడి దస్తావేజుల్లో ఆ పాత విశాఖపట్నం పేరు అలాగే చెక్కుచెదరకుండా ఉంది.

మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ‘రంగం పోయాడు’ అనడం కొందరైనా వినే ఉంటారు. రంగం అంటే రంగూన్. అక్కడికి పోయినవాళ్ళు పంట కోతలయ్యాక తిరిగి రావచ్చు. మారిషస్ అలా కాదు. మన దేశపు దక్షిణపు కొస నుంచే సుమారు 4,000 కిలోమీటర్లు. తెరచాప ఓడలో వారాల తరబడి ప్రయాణం. సముద్రం దాటితే కులం పోతుందన్న భయం ఒకటి, దారిలో పోతే గంగలో కాక ఉప్పునీళ్ళలో కలుస్తామన్న భయం ఒకటి. అయిదేళ్ళ ఒప్పందం. మగవాడికి నెలకు అయిదు రూపాయలు, పైన బియ్యం, పప్పు, ఉప్పు. అక్కడ రాయి తిరగేస్తే బంగారం దొరుకుతుందని దళారులు ఆశపెట్టారన్న కథ ఇప్పటికీ ఆ దీవిలో చెప్పుకుంటారు.

రాళ్ళు మాత్రం దొరికాయి! అగ్నిపర్వతపు నేల కదా, తోటల నిండా నల్లరాళ్ళే. వాటిని చేతులతో ఏరి, మోసి, గుట్టలుగా పేరిస్తేగాని చెరకు నాటడానికి మట్టి చిక్కదు. ఆ గుట్టలు ఈనాటికీ చెరకుతోటల మధ్యన నల్లగా, చిన్న చిన్న గోపురాల్లా నిలబడి ఉన్నాయి. కింద బంగారం లేదు. చెమట మాత్రం ఉంది. పోర్ట్ లూయీలో కూలీలను దింపిన చోటు మెట్లూ ఆ నల్లరాతివే. 1849లో కట్టిన ఆ కూలీల డిపోను వెనకటికి ‘కూలీ ఘాట్’ అనేవారు, ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. సుమారు నాలుగున్నర లక్షలమంది మన దేశస్థులు మారిషస్‌లో దిగారు. తిరిగి వచ్చినవాళ్ళు అందులో మూడోవంతు.

దిగినవాళ్ళ బతుకు ఎలా ఉండేదంటే, ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల కూలి కోత. తోట దాటి బయటికి పోవాలంటే పాసు కావాలి. 1867 నాటి చట్టం ఆ పాసు మీద మనిషి ఫొటో కూడా అంటించమంది. పీడించడానికి పెట్టిన ఆ నిబంధన మనకి ఒక మేలు చేసింది. ఆ ఫొటోలు, చిట్టాపుస్తకాలు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో పదిలంగా ఉన్నాయి. ఆ సంస్థకు గాంధీగారి పేరు ఊరికే పెట్టలేదు. ఆయన 1901లో దక్షిణాఫ్రికా నుంచి ఇంటికి వస్తూ మారిషస్‌లో ఆగి, పిల్లలను చదివించుకోండని అక్కడి మనవాళ్ళకు చెప్పి వచ్చారు.

ఆ ఫొటోల్లో ఆడవాళ్ళూ ఉన్నారు. ముక్కుపుడక, నుదుటిమీద పచ్చబొట్టు, తలమీద కొంగు, కెమెరా వంక బెదురుచూపు. పక్కన ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, జిల్లా, ఎత్తు, ఒంటిమీది గుర్తులు — ఇదీ ఆ చిట్టాలో రాసుకున్న సంగతి. మొదటి రోజుల్లో మగవాళ్ళు వేలల్లో వస్తే ఆడవాళ్ళు వందల్లో వచ్చారు. తరవాత ప్రభుత్వమే కల్పించుకుని, నూరుమంది మగవాళ్ళకు కనీసం నలభైమంది ఆడవాళ్ళుండాలని నియమం పెట్టింది. నూటికి నలభై! ఆ నలభైమందీ చేసిన పని ఆలోచించండి. తోటపని, వంటపని, పురుళ్ళు, పిల్లలు — అవి సరే. వాళ్ళు ఇంకో మూట కూడా మోసుకుపోయారు. దాన్ని ఓడమీద ఎవరూ తూచలేదు.

ఆ మూటలో ఏముందో ఈనాటి మారిషస్ తెలుగు ఇళ్ళలో చూడవచ్చు. సింహాద్రి అప్పన్న పూజ ఉంది. అమ్మోరి పండగ ఉంది. దీపం మధ్యన పెట్టి, చుట్టూ తిరుగుతూ రాత్రి పొద్దుపోయేదాకా పాడే రామభజన ఉంది. ఉగాది ఆ దేశానికంతటికీ సెలవుదినం. వంటింట్లోకి తొంగిచూస్తే మనకి ఇంకా నవ్వొస్తుంది. మునగాకును వాళ్ళు ‘బ్రెద్ మురుం’ అంటారు. చారును ‘రసొం’ అంటారు. వీధిబండి మీద అమ్మే ‘గాతో పిమాఁ’ — పేరు ఫ్రెంచిలో మిరపకాయ కేకు అని గొప్పగా ఉన్నా — నోట్లో వేసుకుంటే మన మసాలావడే. పెళ్ళిలో అరిటాకు వేసి ఏడు రకాల కూరలు వడ్డిస్తారు.

పేర్ల సంగతీ చెప్పుకోవాలి. చిట్టా రాసిన దొరకు ఇంటిపేరు ఏదో, మనిషి పేరు ఏదో తెలియదు. ఓడ దిగిన తాత పేరే కాగితం మీద వంశానికంతటికీ ఇంటిపేరైపోయింది. కాబట్టి అక్కడ అప్పన్నగారు అంటే ఆడమనిషీ కావచ్చు. అప్పడుగారు డాక్టరమ్మ కావచ్చు, సన్యాసిగారు బడిపంతులమ్మ కావచ్చు! ఆ ‘అప్పన్న’ ఇంటిపేరుతోనే ఒక రచయిత్రి ఫ్రెంచి సాహిత్యంలో పేరుమోసింది. నతాషా అప్పన్న 1973లో మారిషస్‌లో పుట్టింది. తెలుగునేల నుంచి వలసపోయిన కుటుంబం. మొదటి నవల 2003లో ఆ వలసకూలీల మీదే రాసింది. ఇరవై ఏళ్ళ తరవాత 2023లో తన తాతముత్తాతల జ్ఞాపకాలను వెతుక్కుంటూ ఇంకో పుస్తకం రాసింది. రెండూ ఫ్రెంచిలోనే.

ఫ్రెంచిలోనే ఎందుకూ అంటే, సమాధానం తిమింగలాల దగ్గర చెప్పుకున్నదే. మారిషస్‌లో పదింట ఎనిమిది పాళ్ళకు పైగా ఇళ్ళలో మాట్లాడేది క్రియోల్. అది ఫ్రెంచి పదాలతో, బానిసల నోళ్ళలో పుట్టి పెరిగిన భాష. తోటలో పని ఆ భాషలో. బజారు ఆ భాషలో. పక్కింటి భోజ్‌పురీ ఆవిడతోనూ, ఎదురింటి తమిళావిడతోనూ కష్టసుఖం చెప్పుకోవాలన్నా ఆ భాషే. అది తక్కువదేమీ కాదు. దేశమంతటినీ కలిపిన మాట. కాని ఒక తల్లి ఏదో ఒకరోజున చంటిబిడ్డను తెలుగులో కాక క్రియోల్‌లో జోకొట్టింది. కోపంతో కాదు, నిర్లక్ష్యంతో కాదు. బిడ్డ బడిలో వెనకబడకూడదని. ఆ బిడ్డ పెద్దదై తన బిడ్డకు తనకొచ్చిన మాటే నేర్పింది. ఒక్క తరం. తెలుగు దేవుడి గదిలోకి వెళ్ళి కూర్చుంది. పూజకి వస్తుంది, పాటకి వస్తుంది, ‘అన్నం తిన్నావా’ అనడానికి రాదు.

మారిషస్ తెలుగువాళ్ళు దాన్ని చూస్తూ ఊరుకోలేదు. తెలుగును పిల్లల బళ్ళలో పాఠ్యాంశంగా పెట్టించుకున్నారు. రేడియోలో వినిపించారు. ఆంధ్ర మహాసభ పెట్టుకుని ఊరూరా మందిరాలు నడిపారు. 1975లో హైదరాబాదులో, 1981లో కౌలాలంపూర్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలు మూడోసారి 1990లో మారిషస్‌లోనే జరిగాయి. అయిదు తరాల కిందట ఓడెక్కిన కూలీల మనవలు, ఇక్కడినుంచి విమానంలో వెళ్ళిన పండితులకు తెలుగులో స్వాగతం చెప్పారు. అది చిన్న విషయం కాదు. బడిలో నేర్చుకున్న మాట గదా అని చులకన చెయ్యకూడదు. తెగిన తాడును ముడి వేసుకోవడానికీ చేతులు కావాలి.

తామరిన్ చూడబోయేవాళ్ళకు అందుకే నేను చెప్పేది: పడవెక్కండి, తిమింగలాన్ని చూడండి. దూరాన్నుంచే చూడండి. దానితో పాటు నీళ్ళలోకి దిగడం అక్కడి చట్టం ఒప్పదు. తల్లీపిల్లల మధ్యకు పరాయివాళ్ళు పోకూడదు గదా! వేటాడే రోజులు పోయాయి. 1979లో అంతర్జాతీయ తిమింగలాల సంఘం హిందూ మహాసముద్రాన్ని వాటికి అభయస్థలంగా ప్రకటించింది. వ్యాపారపు వేటను ఆపాలని 1982లో తీర్మానించింది, అది 1986 నుంచి అమలయింది. వంకరమూతి ఇరెన్ లాంటి అమ్మమ్మలు మనవలను ఎత్తగలిగారంటే ఆ తీర్మానాల చలవే. పడవ దిగాక మాత్రం హోటలుకు పోయి నిద్రపోకండి. ఒడ్డున ఉప్పుమళ్ళు కట్టిన నల్లరాళ్ళను చూడండి. ఒకప్పుడు ఆ మళ్ళలో ఆడవాళ్ళే తలమీద గంపలతో ఉప్పు మోసేవారు. పోర్ట్ లూయీ పోయి ఆప్రవాసీ ఘాట్ మెట్లమీద ఒక్కక్షణం నిలబడండి.

ఆ దీవి ఆడవాళ్ళ సత్తా మొన్నమొన్న కూడా కనబడింది. 2020 జూలై 25న ‘వకాషియో’ అనే పెద్ద ఓడ ఆగ్నేయ తీరంలో పగడపు దిబ్బకెక్కింది. ఆగస్టులో దానిలోంచి సుమారు వెయ్యి టన్నుల నూనె సముద్రంలోకి కారింది. ఎవరో వచ్చి ఏదో చేస్తారని జనం ఎదురుచూడలేదు. ఎండిన చెరకు ఆకును గుడ్డసంచుల్లో కూరి, పొడుగాటి దిళ్ళలా కుట్టి, నూనె ఒడ్డుకు రాకుండా నీళ్ళమీద అడ్డం వేశారు. వెంట్రుకలు నూనెను పీలుస్తాయని తెలిసి ఎందరో తమ జుట్టు కత్తిరించి ఇచ్చారు. ఏ చెరకు కోసం ముత్తవ్వలను తెచ్చి తోటల్లో పడేశారో, ఆ చెరకు ఆకుతోనే మనవరాళ్ళు సముద్రాన్ని కాచుకున్నారు. మనకి తలనీలాలు ఇవ్వడం అంటే మొక్కు. అక్కడ అదీ మొక్కులాంటిదే.

ఇంత దూరం పోయి వచ్చాక మన గుమ్మం ముందు సంగతి ఒకటి చెప్పకపోతే అది న్యాయం కాదు. సాలూరు సంతకు కొండమీంచి ఆడవాళ్ళు దిగుతారు. చింతపండు, పసుపు, అడ్డాకులు, కొండచీపుళ్ళు తెస్తారు. మనం తెలుగులో బేరమాడతాం. వాళ్ళూ తెలుగులోనే జవాబు చెబుతారు. మారిషస్ తోటలో మన ముత్తవ్వకు క్రియోల్ ఎలాగో, ఈ సంతలో వాళ్ళకు మన తెలుగు అలాగ! జాతాపుల పూర్వీకుల మాట కువి. ఈనాడు వాళ్ళలో చాలామందికి ఇంటిమాట తెలుగే. వాళ్ళ తల్లులు కూడా బిడ్డ బడిలో వెనకబడకూడదనే అనుకుని ఉంటారు. సవరల మాట ఇంకా ఇళ్ళలో బతికి ఉంది.

ఈ సంగతి మనకంటే ముందు ఒక తెలుగు పెద్దమనిషికి తట్టింది. గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవమని చేసుకుంటున్నాం. వాడుక తెలుగు కోసం ఆయన పోరాటం అందరికీ తెలుసు. కాని పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని తాపత్రయపడి, 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించిన సంగతి మనం అంతగా తలుచుకోం. తన అమ్మ మాటను ప్రేమించినవాడే ఇంకొకరి అమ్మ మాట విలువ ఎరుగును. 2004 ప్రాంతంలో మన రాష్ట్రంలో సవర, కువి, కొండ వంటి భాషల్లో చిన్నపిల్లల వాచకాలు వచ్చాయంటే ఆ చూపు పూర్తిగా చావలేదన్నమాట.

సముద్రంలో తిమింగలానికి బడి లేదు, వాచకం లేదు, మహాసభలు లేవు. తల్లి పలకడం మానితే అంతటితో సరి. మనుషులకు అవన్నీ ఉన్నాయి. అయినా మొదటి రెండేళ్ళ పని మాత్రం మనకీ దానికీ ఒకటే. ఈసారి సంతలో చింతపండు కొనేటప్పుడు, ఆ కొండ తల్లి వీపున కట్టుకున్న బిడ్డతో ఏ మాటలో ముచ్చటిస్తోందో చెవి పెట్టి వినండి. మనకు అర్థం కాని మాట వినబడితే సంతోషించండి. బేరం కాస్త తగ్గించి ఆడండి.